పాత పుస్తకంలో భూతాల పార్కు

ఆదివారం పూట ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్‌ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పేరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, అట్టలు ఊడిన ఇంగ్లిష్‌ నవలలు, పాత మెడికల్‌ పుస్తకాలు, ఎవరింటి బీరువానో ఒక్కరోజులో ఖాళీ చేస్తే వచ్చిపడిన సాహిత్యం, అంతా పక్కపక్కనే ఉంటుంది. హైదరాబాద్‌లో చదివే అలవాటున్నవాళ్లలో ఈ ఫుట్‌పాత్‌కు రుణపడనివాళ్లు తక్కువ. ఈమధ్య అక్కడి పిల్లల పుస్తకాల గుట్టలో ఒక చిన్న ఇంగ్లిష్‌ పుస్తకం కనబడింది. పేరు ‘వన్‌ డే ఎట్‌ హారర్‌ల్యాండ్‌’. రచయిత ఆర్‌.ఎల్‌. స్టైన్‌. 1994లో అమెరికాలో స్కొలాస్టిక్‌ సంస్థ ప్రచురించిన ‘గూస్‌బంప్స్‌’ వరసలో అది 16వ పుస్తకం. అట్ట మీద ఆ వరస పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. కళ్లు మూసుకుని తడిమినా తెలుస్తుంది. ఎన్ని చేతులు తడిమాయో, అక్షరాల అంచుల దగ్గర రంగు లేచిపోయింది. లోపలి పేజీలో ఎక్కడో అమెరికాలోని బడి లైబ్రరీ వేసుకున్న ముద్ర, దాని పక్కనే ఇక తమకు అక్కర్లేదని వేసిన మరో ముద్ర ఉన్నాయి.

ఎవరికో అక్కర్లేకపోయిన ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక్క బిగిన చదివితే, పిల్లల సాహిత్యం గురించి ఎప్పటినుంచో మనసులో ఉన్న కొన్ని మాటలు పైకి వచ్చాయి.

కథ చిన్నదే. మారిస్‌ కుటుంబం ఒక సెలవురోజున కారులో జంతువుల పార్కుకు బయల్దేరుతుంది. మ్యాప్‌ ఇంట్లోనే ఉండిపోతుంది. దారి తప్పుతారు. వెనక సీట్లో లిజీ, ఆమె తమ్ముడు ల్యూక్‌, వాడి స్నేహితుడు క్లే ఉంటారు. దారి తప్పినచోట ‘హారర్‌ల్యాండ్‌’ అనే పార్కు బోర్డు కనిపిస్తుంది. ఇంతదూరం వచ్చాం కదా, ఇదే చూసిపోదాం అనుకుంటారు. కారు దిగి లోపలికి వెళ్లబోయేసరికి వెనక ఆ కారు పేలిపోతుంది. ఎవరికైనా ఫోన్‌ చేద్దామంటే పార్కులో ఫోన్‌ లేదు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులవి. పచ్చటి భూతాల వేషాల్లో పనివాళ్లు తిరుగుతుంటారు. అంతులేకుండా జారిపోయే జారుడుబల్ల, గోడలు దగ్గరకు జరిగే అద్దాల ఇల్లు, శవపేటికలో పడుకుని చేసే పడవ ప్రయాణం. ఒక్కోటీ దాటినకొద్దీ ఇది ఆటా, నిజమా అన్న అనుమానం ముదురుతుంది. చివరికి తేలేదేమిటంటే ఆ భూతాలవి వేషాలు కావు. తమ సొంత టీవీ చానల్‌ కోసం ఈ కుటుంబం హడలిపోవడాన్ని అవి రహస్య కెమెరాలతో చిత్రీకరిస్తున్నాయి.

ఈ కథలో మనసుకు పట్టేది ఒక బోర్డు. గిల్లడం నిషేధమని ఆ పార్కులో ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. పూలు కోయరాదని, గడ్డి మీద నడవరాదని రాసిన బోర్డులు మనమంతా చూసినవే. గిల్లరాదని ఎవరు రాస్తారు? ల్యూక్‌కు గిల్లే అలవాటుంది. అక్కతో వాడికి పొద్దస్తమానం గిల్లికజ్జాలే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు లిజీకి ఆ బోర్డులు గుర్తొస్తాయి. ఎదురుగా ఉన్న భూతాన్ని గట్టిగా గిల్లుతుంది. దాని ఒంట్లోని గాలంతా పోయి కుప్పకూలుతుంది. ఇక అందరూ అదే పని మొదలుపెడతారు. భూతాలు పారిపోతాయి.

పిల్లల మనసు దగ్గరగా తెలిసినవాడే ఇలాంటి మలుపు రాయగలడు. ఇంట్లో రోజూ తిట్లు తినిపించే అలవాటే అందరి ప్రాణాలూ కాపాడుతుంది. పెద్దవాళ్లు చూసీ చూడనట్టు దాటిపోయిన బోర్డును ఒక పిల్ల చదివి, గుర్తుపెట్టుకుని, ఎందుకు రాశారని ఆలోచిస్తుంది. నిషేధం పెట్టినవాడి బలహీనత ఆ నిషేధంలోనే దాగి ఉంటుందన్న సంగతి చాలామంది పెద్దలకు రాజకీయాలు చూసి చూసి, వయసు మళ్లాక గానీ తలకెక్కదు. స్టైన్‌ దాన్ని ఎక్కడా వాక్యంగా రాయలేదు. నీతి అని కింద గీత గీసి చెప్పలేదు. పిల్ల గిల్లింది, భూతం కూలింది, కథ ముందుకు పోయింది. చదివిన పిల్లల్లో ఆ సంగతి ఎప్పుడు మొలకెత్తుతుందో వాళ్లిష్టం.

ఇలాంటి కథకు థీమ్‌ పార్కును మించిన చోటు దొరకదు. 1884లో న్యూయార్క్‌ కోనీ ఐలాండ్‌ తీరంలో లామార్కస్‌ థాంప్సన్‌ అనే ఆయన గురుత్వాకర్షణతో నడిచే ఒక చిన్న రైలు పెట్టాడు. టికెట్‌ ఐదు సెంట్లు. వేగం గంటకు సుమారు పది కిలోమీటర్లు, అంటే కాస్త హుషారుగా తొక్కిన సైకిల్‌కన్నా నెమ్మది. అయినా జనం విరగబడ్డారు. పడిపోతామేమో అన్న భయానికీ, పడిపోము అన్న ధీమాకూ కలిపి మనిషి డబ్బు కడతాడని అక్కడ రుజువైంది. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్‌ తెరిచాక, రైలు ఎక్కడంతో సరిపోలేదు. ఏకంగా వేరే లోకంలోకి నడిచి వెళ్లడం మొదలైంది. ఆ మొదటిరోజు ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు కూరుకుపోయాయట. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన మ్యాజిక్‌ కింగ్‌డమ్‌లో తెర వెనక పనులేవీ కంటపడకుండా నడకదారుల కింద సొరంగాలే కట్టారు. పాతకాలపు గుర్రపు రౌతు వేషంలో ఉన్న ఉద్యోగి భవిష్యత్తు లోకంలో నడిచిపోతూ కనిపిస్తే పిల్లల భ్రమ చెదురుతుంది కదా. అందుకని వేషగాళ్ల రాకపోకలు, చెత్త, సరుకులు అన్నీ ఆ సొరంగాల్లోంచే.

అంటే థీమ్‌ పార్కు పెద్దలు అడుగడుగూ లెక్కగట్టి కట్టిన చోటు. పిల్లలు ఎక్కడ నవ్వాలో, ఎక్కడ కెవ్వుమనాలో ముందే గీసిపెట్టి ఉంటుంది. అక్కడ తెలివైన పిల్లకు వచ్చే సందేహం ఒక్కటే. ఆ మూసిన తలుపు వెనక ఏముంది? లెక్క తప్పితే ఏమవుతుంది? పెద్దల కోసం ఈ ప్రశ్నను మైకేల్‌ క్రైటన్‌ 1990లో ‘జురాసిక్‌ పార్క్‌’ నవలగా రాశాడు. 1993లో స్పీల్‌బర్గ్‌ సినిమా వచ్చింది. మరుసటి ఏడాదే హారర్‌ల్యాండ్‌ ద్వారాలు తెరుచుకున్నాయి. 2005లో రిడ్లీ పియర్సన్‌ అయితే తన ‘కింగ్‌డమ్‌ కీపర్స్‌’ వరసలో పిల్లల్ని రాత్రిపూట నేరుగా డిస్నీ వరల్డ్‌లోకే పంపాడు. ఇన్నింటిలోనూ హారర్‌ల్యాండ్‌కే ఎక్కువ మార్కులు వేయాలనిపిస్తుంది. మిగతావాటిలో పార్కు చెడిపోతుంది. ఇక్కడ చెడిపోలేదు. అనుకున్నట్టే పనిచేస్తోంది. అదీ అసలు భయం.

స్టైన్‌ 1943లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో ఇంటి అటక మీద దొరికిన టైప్‌రైటర్‌తో రాయడం మొదలుపెట్టాడు. మొదట రాసినవి జోకులు. ‘జోవియల్‌ బాబ్‌ స్టైన్‌’ అన్న పేరుతో పిల్లలకు హాస్య పుస్తకాలు రాశాడు, ‘బనానాస్‌’ అనే హాస్య పత్రికకు ఏళ్ల తరబడి సంపాదకుడిగా ఉన్నాడు. నవ్వించడం నేర్చినవాడు కాబట్టే ఎక్కడ ఆపితే పాఠకుడి ఊపిరి ఆగుతుందో తెలిసింది. 1992 నుంచి 1997 దాకా గూస్‌బంప్స్‌ మొదటి వరసలో 62 పుస్తకాలు వచ్చాయి. దాదాపు నెలకొకటి. ముందు పేరు పెట్టుకుంటాడు, తర్వాత అధ్యాయాలవారీగా కథ అల్లుకుంటాడు, ఆ తర్వాతే రాస్తాడు. ఇంత వేగంగా రాసినవాటిలో అన్నీ గొప్పవి కావు. పాత్రలు ఒకదానికొకటి నకళ్లలా ఉంటాయి, అధ్యాయం చివర గుండె ఆగినంత పనిచేసి పేజీ తిప్పితే పిల్లి అని తేలుతుంది. ఆ లోపాలు లోపాలే. కానీ పుస్తకమంటే దూరం జరిగే లక్షలాది పిల్లల్ని, ముఖ్యంగా మగపిల్లల్ని, పేజీ వెంట పేజీ చదివించడం చిన్న పని కాదు.

ఆయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. మత్తుమందులు, విడాకులు, పిల్లల మీద నిజమైన హింస తన కథల్లోకి రానివ్వనన్నాడు. భయం ఊహాలోకానిదే అయి ఉండాలి, ఆ సంగతి పిల్లలకు తెలుస్తూ ఉండాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నా అమెరికాలో ఆ పుస్తకాల్ని బడుల్లోంచి తీసేయమని తల్లిదండ్రులు గట్టిగానే పట్టుబట్టారు. 1990 నుంచి 1999 వరకు ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న వంద పుస్తకాల జాబితాను అమెరికన్‌ లైబ్రరీ అసోసియేషన్‌ వేస్తే గూస్‌బంప్స్‌ వరస 15వ స్థానంలో నిలిచింది.

ఆ తల్లిదండ్రుల ఆందోళనను కొట్టిపారేయక్కర్లేదు. రాత్రి ఉలిక్కిపడి లేచే పిల్లను ఒళ్లోకి తీసుకునేది వాళ్లే. అయినా పుస్తకం రాకముందే పిల్లల్లో భయం ఉంటుంది. చీకటి ఉంటుంది, జనంలో అమ్మ చెయ్యి జారిపోతుందన్న బెంగ ఉంటుంది. పెద్దవాళ్లకు అన్నీ తెలియవేమో అన్న అనుమానం అన్నిటికన్నా లోతుగా ఉంటుంది. హారర్‌ల్యాండ్‌లో పిల్లల్ని వణికించేది భూతాలకన్నా, అమ్మానాన్నలు కూడా దారి తప్పి దిక్కులు చూడటమే. ఆ భయానికి ఒక రూపమిచ్చి, పుట మూయగానే ఆగిపోయే ఏర్పాటుతో పిల్లల చేతికిస్తుంది ఇలాంటి పుస్తకం. ఎప్పుడు చదవాలో, ఎప్పుడు మూసేయాలో, దీపం వేసుకోవాలో వద్దో పిల్లలే నిర్ణయించుకుంటారు. టీవీ సీరియల్లో, ఫోన్‌ వీడియోలో ఈ అదుపు వాళ్ల చేతిలో ఉండదు.

మన పిల్లలకు భయం కథలు కొత్తేమీ కాదు. 1947లో మొదలైన ‘చందమామ’లో నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే రాజు బొమ్మను తెలుగు పిల్లలు తరాల తరబడి చూశారు. శంకర్‌ గీసిన ఆ బొమ్మలో పుర్రెలు, పాములు, చెట్టుకొమ్మల నీడలు అన్నీ ఉండేవి. ఏ తల్లీ ఆ పేజీ చింపలేదు. దాని పక్కనే దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సాహస ధారావాహికలు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మీదుగా ‘భల్లూక మాంత్రికుడు’ దాకా డజను ధారావాహికలు ఆయన కలం నుంచి వచ్చాయి. వాటిమీద ఆయన పేరు ఉండేది కాదు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు చూసి, కథలోకి దూకి, నెలాఖరుకు పోస్ట్‌మాన్‌ దారి కాచిన పిల్లలు అవి ఎవరు రాశారో తెలియకుండానే పెద్దవాళ్లయ్యారు. చాలామందికి ఆయన పేరు ఎన్నో ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. తెలుగులో ఇంతమంది పిల్లల్ని ఇంతకాలం ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టిన రచయితకు మనమివ్వాల్సిన గౌరవం ఇంకా బాకీ ఉంది.

దాసరివారి పద్ధతీ స్టైన్‌ పద్ధతీ ఒకటే, కొండచరియ అంచున నిలబెట్టి కథ ఆపేయడం. తేడా వేచి ఉండటంలో ఉంది. స్టైన్‌ పాఠకుడు పేజీ తిప్పితే చాలు. చందమామ పాఠకుడు ముప్పై రోజులు ఆగాలి. ఆ ముప్పై రోజుల్లో పిల్లలు బడి అరుగుల మీద కూర్చుని మిగతా కథను తామే కట్టుకునేవారు. రాక్షసుడు ఏ లోయలోంచి వస్తాడో పందేలు వేసుకునేవారు. నెల తర్వాత అచ్చయిన కథ ఒక్కోసారి వాళ్లు కట్టినదానికన్నా చప్పగా ఉండేది కూడా.

ఆబిడ్స్‌లో ఆ పుస్తకాల గుట్ట దగ్గర ఒక తల్లీ కొడుకూ కూర్చుని ఉన్నారు. వాడి చేతిలో గూస్‌బంప్స్‌లోదే మరో పుస్తకం ఉంది. ‘‘ఇవన్నీ ఎందుకురా, జనరల్‌ నాలెడ్జ్‌ది తీస్కో’’ అంటోంది తల్లి. వాడు జవాబు చెప్పడంలేదు, చేతిలోది వదలడంలేదు. కాసేపటికి ఆమె అమ్మేవాడితో బేరమాడి రెండూ తీసుకుంది. వాడు అక్కడే ఫుట్‌పాత్‌ అంచున కూలబడి మొదటి పేజీ తెరిచాడు. రెండోది అమ్మ చేతిసంచీలోకి పోయింది. కొత్త పుస్తకాల షాపులో ఇది జరగడం కష్టం. అక్కడి ధరకు తల్లి ఒక్కటే కొంటుంది, అది జనరల్‌ నాలెడ్జే అవుతుంది. పాత పుస్తకాల సంత చేసే అసలు మేలు ఇదే. పిల్లలకు తమ ఎంపిక తాము చేసుకునే అవకాశం అక్కడ చవగ్గా దొరుకుతుంది.

ఆ కుర్రవాడు పట్టుకున్నది ఇంగ్లిష్‌ పుస్తకం. అందులో తప్పులేదు. కానీ అదే గుట్టలో వాడు అంత గట్టిగా పట్టుకోదగ్గ తెలుగు పుస్తకం కనబడలేదన్నది మాత్రం బాధ కలిగించే సంగతి. తెనాలి రామకృష్ణుడున్నాడు, పంచతంత్రం ఉంది, నీతి కథల సంపుటాలు రంగురంగుల అట్టలతో బోలెడున్నాయి. అన్నీ మంచివే. ఈ కాలపు పిల్ల, ఈ కాలపు ఊళ్లో, దారి తప్పి, భయపడి, తన తెలివితో బయటపడే నవల లేదు. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. ‘మంచి పుస్తకం’ వంటి సంస్థ, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం ‘తానా’ చేయూతతోనూ సొంతంగానూ, పిల్లల కోసం పుస్తకాలు తెస్తూనే ఉంది. ఆ కృషికి చెయ్యెత్తి మొక్కాలి. ఒకటి రెండు సంస్థలు మోసే బరువు కాదిది.

కథకు చోట్లు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. 1938లో మొదలైన నాంపల్లి నుమాయిష్‌ ఉంది. పిల్లల రైలు, జెయింట్‌ వీల్‌, మౌత్‌ కా కువాలో గోడలెక్కే మోటార్‌సైకిళ్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు అక్కడ ఉన్నాయి. ఆ మైకులో ఒక రాత్రి, తప్పిపోని పిల్ల పేరు వినబడితే? 1996లో తెరిచిన రామోజీ ఫిల్మ్‌ సిటీ ఉంది. 1,666 ఎకరాల్లో ముందు గోడ తప్ప వెనక ఏమీ లేని వీధులు, విమానాలు ఎగరని విమానాశ్రయం. అలాంటి ఒక ఇంటి కిటికీలో దీపం వెలిగితే? కోస్తా ఊళ్ల తీర్థాల్లో రాత్రంతా తిరిగే రంగులరాట్నాలున్నాయి. వాటిని నడిపేవాళ్లు ఏ ఊరినుంచి వస్తారో, తెల్లారేసరికి ఎక్కడికి పోతారో ఏ పిల్లా అడగకుండా ఉండదు. ఈ ప్రశ్నల్లో ఒక్కొక్కటీ ఒక నవల.

రచయితలకు ఒక విన్నపం. ఇలాంటి నవల రాసేటప్పుడు చివర్లో నీతి చెప్పకండి. పిల్లల్ని భయపడనివ్వండి, భయపడ్డాక వాళ్లంతట వాళ్లే దారి వెతుక్కోనివ్వండి. ప్రచురణకర్తలు దాన్ని ఆర్ట్‌ పేపర్‌ మీద అచ్చేసి అందని ధర పెట్టకుండా, మామూలు కాగితం మీద, పిల్లలు దాచుకున్న డబ్బుకు వచ్చేలా వేయాలి. ఇక తల్లిదండ్రులు చేయాల్సింది తేలికైన పని. పిల్లలు చదివేసిన పుస్తకాల్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకుండా, దగ్గర్లోని ప్రభుత్వ బడి లైబ్రరీకో పాత పుస్తకాలవాళ్లకో ఇవ్వండి. మీ ఊళ్లోనే ఇంకో పిల్ల వాటికోసం చూస్తూ ఉంటుంది.